పేరిందేవి గారి కారు నీళ్ళు తాగుతుంది

పేరిందేవి గారి కారుని తిట్టకుండా స్టార్టు చేసిన మొనగాడు కాకినాడలో ఇంతవరకూ పుట్టలేదు. రామారావుపేటలో ఆ సందు వాళ్ళకి గడియారంతో పనిలేదు. పొద్దున్నే కర్రోమని స్టార్టరు ఏడవడం మొదలైందంటే పాలు పొయ్యి మీద పెట్టేవారు. "నీ జిమ్మడ, కదలవే గయ్యాళీ!" అని ఆవిడ గొంతు వినపడిందంటే పిల్లలకి బడి టైమైందన్నమాట. ఆ తరువాత బండి రెండు దగ్గులు దగ్గి, సందంతా కమ్మేసేటంత తెల్లటి పొగ వదిలి, మొత్తానికి లేచేది. ఆ పొగలో ఎదురింటి మేడ మీద ఎండబెట్టిన అప్పడాలు కాసేపు కనబడేవి కావు.

ఆ కారు జపాన్ నుంచి ఓడ మీద వచ్చింది. విడిపించుకునే నాథుడు లేక రేవులో పడి ఉంటే కస్టమ్స్ వాళ్ళు వేలం వేశారు. పేరిందేవి నాన్న వలల వ్యాపారి. నలుగురూ నవ్వుతుంటే పట్టుదలకి పోయి పాడుకుని, కూతురి పేరు మీద రాయించాడు. "మగపిల్లలకి ఎలాగూ ఏదో ఒకటి ఉంటది. ఇది మాత్రం నీది. ఎవడడిగినా ఇవ్వకు" అన్నాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఉద్యోగానికి ఆవిడ ఆ ఎర్ర కారులో వెళ్తుంటే ఊళ్ళో మగాళ్ళు సైకిళ్ళు దిగి చూసేవారు. పెళ్ళయ్యాక మొగుడు కొండలరావుకి కూడా డ్రైవింగ్ నేర్పబోయింది. ఆయన మొదటి రోజే కొబ్బరి బొండాల బండిని గుద్ది, "నా వల్ల కాదే బాబూ, నేను పక్కన కూచుంటా" అని తేల్చేశాడు. అప్పటినుంచీ పక్క సీట్లో నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడమే ఆయన ఉద్యోగం. ఉద్యోగాలు విరమించాక కూడా ఇద్దరూ ఆ ఏర్పాటు మార్చుకోలేదు.

ఇంతకాలం బాగానే నడిచిన బండికి ఈమధ్య ఒక మాయరోగం పట్టుకుంది. రాత్రి రేడియేటరు నిండా నీళ్ళు పోస్తే తెల్లారేసరికి తగ్గిపోయేవి. పోనీ కారిపోయాయా అంటే కింద గచ్చు మీద చుక్క తడి ఉండేది కాదు. మెకానిక్ ఖాదర్ వలీ ముందు బ్యాటరీ అన్నాడు, మార్చారు. స్టార్టరు అన్నాడు, మార్చారు. రేడియేటరు మూత, రబ్బరు గొట్టాలు, నీళ్ళ పంపు, ఏదంటే అది మార్చారు. మార్చిన ప్రతిసారీ, "ఇంక చూస్కోండమ్మగారూ, గుర్రంలా లేత్తాది" అనేవాడు. అది గాడిదలా కూడా లేచేది కాదు.

చివరికి పేరిందేవికే ఒళ్ళు మండింది. "ఒరే ఖాదరూ, ఇది రాత్రి తాగి పొద్దున్న కక్కుతోందిరా. కింద కారట్లేదంటే లోపలికే పోతోంది. ముందు లోపల చూడు."

"లోపల చూద్దావంటే ఇందులో పిస్టన్లే లేవు కదండమ్మా" అన్నాడు వలీ దిగులుగా.

అదీ నిజమే. లోకంలో బళ్ళన్నిటిలోనూ పిస్టన్లు పైకీ కిందకీ కొట్టుకుంటుంటే, ఈ మహాతల్లిలో మూడు మూలల ఇనప దిమ్మ, అచ్చం సమోసా ఆకారంలో, కోలగా ఉన్న గదిలో గిరగిరా తిరుగుతుంది. నిప్పంతా ఆ గదిలోనే పుడుతుంది. గది గోడల్లో నీళ్ళు పారుతుంటాయి. నిప్పుకీ నీళ్ళకీ మధ్య కాపలా ఒక సన్నటి రబ్బరు రింగు.

ఆ సాయంత్రం వలీ రేడియేటరులోకి గాలి కొట్టి బిగించి వదిలేశాడు. పొద్దున్నే వచ్చి ప్లగ్గులన్నీ ఊడదీసి, "తిప్పండమ్మా" అన్నాడు. ఆవిడ తాళం తిప్పింది. ప్లగ్గు కన్నంలోంచి పచ్చటి నీళ్ళు పిచికారీ కొట్టినట్టు వచ్చి, ఏం కనిపిస్తుందా అని వంగి చూస్తున్న కొండలరావు గారి ఇస్త్రీ చొక్కాని తడిపేశాయి.

"దొరికేసిందండోయ్!" అని గంతేశాడు వలీ.

"ఏటి, నా చొక్కానా?"

"రోగమండీ! రబ్బరు రింగు ఎండి చిట్లిపోయిందండి. రాత్రంతా నీళ్ళు నిప్పు గదిలోకి దిగుతున్నాయి. పొద్దున్న ప్లగ్గులు తడిసి లేవట్లేదు. లేచాక ఆ నీళ్ళే ఆవిరై పొగలా వత్తన్నాయి. ఇంజను ఇప్పేసి కొత్త రింగులేత్తే సరి. కానీ తొందరగా ఇప్పాలమ్మా. ఇలాగే తిప్పుకుంటా పోతే నీళ్ళు ఆ గది గోడకున్న ఇనప పలకని తినేత్తాయి. గుంటలు పడిపోయేక ఇంక ఏ రింగేసినా ఆగదు. అప్పుడు బండి మీద ఆశ వదిలేసుకోడవే."

రింగులు జపాన్ నుంచి తెప్పించారు. ఆ చిన్న డబ్బాని పేరిందేవి బీరువాలో పట్టుచీరల మధ్య దాచి, వచ్చే శుక్రవారం ఇంజను విప్పడానికి ముహూర్తం పెట్టింది. సరిగ్గా గురువారం మధ్యాహ్నం నోటీసు ఊడిపడింది.

గాలి మీద ప్రేమ పుట్టుకొచ్చిన ప్రభుత్వం వారు అప్పటికి కొత్తగా వాహన ఆయుర్నిర్ణయ మండలి అని ఒకటి పెట్టారు. ఇరవై ఏళ్ళు దాటిన బండి ఏదైనా సరే తుక్కు చెయ్యాలని దాని ధర్మం. బాగా నడుస్తోందా లేదా అన్నది అనవసరం, వయసే నేరం. ఒక్క హరిత వాహనాలకి మాత్రం మినహాయింపు. హరిత వాహనం అంటే ఏమిటో మండలికి కూడా తెలియదు గనక ఇంతవరకూ ఎవరికీ అది దొరకలేదు. నోటీసు చివర ఒక వాక్యం ఉంది: "పరీక్షకు ముందు సదరు వాహనమునకు మరమ్మతు చేయించుట సాక్ష్యమును తారుమారు చేయుటగా పరిగణింపబడును."

"రోగానికి మందేత్తే నేరమా? ఇదెక్కడి గోలండీ బాబూ!" అన్నాడు వలీ.

మండలి ఆఫీసు ఊరి చివర పాత జనపనార గిడ్డంగిలో ఉంది. పెరట్లో బళ్ళని నలిపే పెద్ద యంత్రం ఒకటి. దానికి మండలి సంచాలకులు వక్కలంక విశ్వేశ్వరం గారు మోక్ష యంత్రమని నామకరణం చేసి పసుపు బొట్లు కూడా పెట్టించారు. పేరిందేవి వాళ్ళు కారుని తోసుకుంటూ లోపలికి వెళ్ళేసరికి ఒక డాక్టరు గారి జీపు యంత్రంలోకి వెళ్తోంది. తాళం ఇలా ముట్టుకుంటే అలా లేచే జీపు. డాక్టరు గారు వద్దు వద్దంటూ చేతులు జోడిస్తూనే ఉన్నారు. జీపు అటు వైపునుంచి ట్రంకు పెట్టెంత దిమ్మగా బయటికొచ్చింది. పేరిందేవి తన కారు మీద చెయ్యేసి నిలబడింది. నాన్న ఇచ్చిన బండిని ఇలా చూడాల్సి వస్తే తను బతకదని ఆవిడకి తెలుసు.

విశ్వేశ్వరం గారు లోగడ నీటిపొదుపు విభాగంలో పనిచేసి వచ్చారు. శాఖ మారినా ఆయన మనసు నీళ్ళ దగ్గరే ఉండిపోయింది. అందుచేత ఏ బండికైనా మొదటి పరీక్ష జల సమతౌల్య పరీక్షే. సాయంత్రం రేడియేటరు నిండా నీళ్ళు పోయించి, కింద తెల్లకాగితాలు పరిపించి, సత్తిబాబు అనే వాచ్‌మన్‌ని కాపలా పెట్టారు. మర్నాడు పొద్దున్న చూస్తే నీళ్ళు తగ్గాయి. కాగితాల మీద మరక కూడా లేదు.

"స్రావము లేదు. అయినను జలము లేదు. అనగా చోరీ జరిగినది" అని తీర్మానించారు సంచాలకులు. సత్తిబాబుని పిలిపించారు. "ఆ నీరు నీవు త్రాగితివా?"

"బండిలో నీళ్ళు నేనెందుకు తాగుతానండీ? ఎదురుగా కుళాయుంది కదండీ!"

"కుళాయి ఉన్నదని నీవే అంగీకరించుచున్నావు. కుళాయి ఉండియు వాహన జలము త్రాగితివనగా ఇది ఉద్దేశపూర్వకము."

సత్తిబాబుని ఆ రాత్రి ఇంటికి పంపేసి, రేడియేటరు మూతకి లక్కముద్ర వేశారు. పొద్దున్న ముద్ర వేసినట్టే ఉంది, నీళ్ళు మాత్రం మళ్ళీ తగ్గాయి. అప్పుడు మండలి సాంకేతిక సలహాదారు ప్రణీత్ రంగంలోకి దిగాడు. చేతుల్లేని కోటు వేసుకుని, చేతిలో టాబ్లెట్ పట్టుకుని తిరిగే కుర్రాడు. బండిని లేపమన్నాడు. అది లేస్తేనా? గుమాస్తాలంతా కలిసి పెరడంతా తోశాక గానీ లేవలేదు. లేచి, అలవాటు ప్రకారం మేఘమంత తెల్లపొగ వదిలింది. ప్రణీత్ పరిగెత్తుకెళ్ళి క్యాంటీన్‌లోంచి స్టీలు కంచం తెచ్చి పొగ గొట్టం దగ్గర పట్టాడు. కంచం నిండా నీటి బొట్లు. వేలితో అద్ది నాలిక మీద రాసుకున్నాడు.

"సర్! ఇది పొల్యూషన్ కాదు సర్, వాటర్! పైగా స్వీట్‌గా ఉంది సర్!"

"ఉమ్మెయ్ నాయనా, అది ఇంజను చల్లబడ్డానికి నీళ్ళలో కలిపే కూలెంటు, విషం" అంది పేరిందేవి. అతను వినిపించుకోకుండా రేడియేటరు మూత తీసి, లోపల బుడగలు చూసి పరవశించిపోయాడు. "సర్, బ్రీత్ చేస్తోంది సర్! ఇంకోటి సర్, ఈ ఇంజన్‌లో పిస్టన్స్ ఒక్కటీ లేవు."

"పిస్టనులే లేనిచో కాలుష్యము చేయుటకు సాధనమెక్కడిది?" అన్నారు విశ్వేశ్వరం గారు. "జలమును సేవించి జలమునే విసర్జించు వాహనము! ఉద్యోగ జీవితమంతయు నేను దీనికై నిరీక్షించితిని."

"సేవించడవేంటండీ, జబ్బు చేసి కక్కుతోంది" అంది పేరిందేవి. "రింగు పోయింది. పెట్రోలు ట్యాంకు వాసన చూడండి, నేను పోసింది పెట్రోలే."

"అది ప్రేరక ద్రవము. యాగమునకు నెయ్యి వంటిది."

"మరి లేవడానికి పదిమంది తోయాలి కదండీ!"

"ప్రజా భాగస్వామ్యము! ప్రజలు చేయి వేయనిదే కదలని వాహనము ప్రజాస్వామ్యమున మరి యొకటి గలదా?"

ఆవిడ మళ్ళీ నోరు తెరవబోతుంటే కొండలరావు కాలు తొక్కాడు. కళ్ళతో పెరట్లోకి చూపించాడు. మోక్ష యంత్రం దగ్గర మనిషి నూనె పోస్తూ తరువాతి బండి కోసం ఎదురు చూస్తున్నాడు. ఎక్స్ఛేంజిలో అన్నేళ్ళు ఎవరి గుట్టు చెవిన పడినా పెదవి విప్పని మనిషికి నోరు మూసుకోవడం ఇంత కష్టమని ఆ రోజే తెలిసింది. సిగ్గు, కోపం, వాటి మీద బండి దక్కిందన్న సంతోషం, మూడూ కలిసి ఆవిడ మొహం కందగడ్డలా ఎర్రబడింది.

ఆ సాయంత్రానికి హరిత వాహనాల్లో ఆర్ద్ర వాహనమనే కొత్త వర్గం పుట్టింది. పేరిందేవి గారి గయ్యాళికి ఆకుపచ్చ నంబరు ప్లేటు బిగించి, మెళ్ళో బంతిపూల దండ వేశారు. కాకపోతే ఒక షరతు. సదరు వాహనము నీరు త్రాగుట మానిన యెడల, లేదా పరుల సాయము లేక ప్రారంభమైన యెడల, తత్‌క్షణమే మోక్షము. ఇంజను తెరవకుండా సీలు వెయ్యమని సంచాలకులు ఆజ్ఞాపించారు. ప్రణీత్ బానెట్టు లోపల చాలాసేపు వెతికి, అన్నిటికన్నా పెద్దగా, గుండ్రంగా కనిపించిన దానికి లక్క వేసి ముద్ర కొట్టాడు. అది గాలి వడగట్టే డబ్బా. పేరిందేవి చూసింది, కొండలరావు చూశాడు, ఇద్దరూ ఆకాశం వైపు చూశారు.

ఇక ఊరికి పట్టిన పిచ్చి చెప్పనలవి కాదు. పాత బండి ఉన్న ప్రతివాడూ ఆర్ద్రత్వం కోసం ఎగబడ్డాడు. ఖాదర్ వలీ షెడ్డు ముందు తిరునాళ్ళలా జనం. "మా అంబాసిడర్ అస్సలు నీళ్ళు తాగట్లేదు వలీ, కాస్త చూడు." "నా వ్యాను ఒక్క కిక్కుకే లేచిపోతోంది, పరువు పోతోంది, ఏదో ఒకటి చెయ్యి." వలీ మొదట్లో చెవులు మూసుకున్నాడు. తరువాత జేబు తెరిచాడు. బాగున్న ఇంజన్ల గాస్కెట్లు కోసి నీళ్ళు లోపలికి దారి పట్టించడంలో అతని పేరు పిఠాపురం దాకా పాకింది. మరీ గట్టి ఇంజనైతే, "ఇది మొండిదండీ, రోగం తొందరగా అంటదు, రెండ్రోజులు ఉంచండి" అనేవాడు.

పొద్దున్నైతే ఊరంతా తెల్లటి ఆవిరి. ఎవరి బండి వారు తోసుకుంటూ, ఎదురైనవాళ్ళ బండికి ఒక చెయ్యి వేస్తూ ఆఫీసులకి వెళ్ళేవారు. మండలి వారు తోపుడు సహాయకుల పోస్టులు సృష్టించి, చోరీ కేసు ఎత్తేసి, సత్తిబాబుని తోపుడు పర్యవేక్షకుడిగా వేశారు. అగ్నిమాపక బండికి కూడా ఆర్ద్రత్వం ఇప్పించారు. అది ఒక గడ్డివామి మంట ఆర్పడానికి బయల్దేరి, ట్యాంకులో నీళ్ళన్నీ దారిలో ఇంజనుకే పట్టించి, వాము దగ్గరికి ఉత్త చేతులతో చేరింది. వాము యజమాని సహాయకులతో పాటు దాన్ని వెనక్కి తోసి పంపించాడు. బళ్ళ రేడియేటర్లకే నీళ్ళు చాలక ఊళ్ళో కుళాయిలు రోజు మార్చి రోజు వస్తుంటే, మండలి మాత్రం ఆ ఏడాది నీటిపొదుపు బహుమతికి తన పేరు తనే పంపుకుంది.

ఈ సంబరంలో అసలు గయ్యాళి ప్రాణం మీదికొచ్చింది. ఒకనాడు ఎంత తోసినా లేవలేదు. వలీ వచ్చి ప్లగ్గు తీసి, వేలు పెట్టి చూసి, ఆ వేలు పేరిందేవికి చూపించాడు. ఎర్రటి తుప్పు.

"పలకని తినడం మొదలెట్టేసిందమ్మా. ఇంకెన్నాళ్ళో నేను చెప్పలేను."

ఆవిడ లోపలికెళ్ళి మంచం మీద కూలబడింది. బాగు చేయిస్తే మోక్ష యంత్రం, చేయించకపోతే తుప్పు. మొగుడి మాట విని నోరు మూసుకున్నందుకు తనని తనే తిట్టుకుంది, కాలు తొక్కినందుకు మొగుణ్ణి తిట్టింది. నాన్న గుర్తొచ్చి ఏడ్చింది కూడా. ఎవడడిగినా ఇవ్వకు అన్నాడు ఆయన. ఇప్పుడు ఎవడూ అడగటం కూడా లేదు, దండ వేసి చంపుతున్నారు. కొండలరావు కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"సీలేసింది గాలి డబ్బాకి కదే" అన్నాడు మెల్లిగా.

"అయితే?"

"ఇంజను తెరవకూడదన్నారు, సీలు తియ్యకూడదన్నారు. సీలు ముట్టుకోకుండా ఇంజను తెరిస్తే తెరిచినట్టు ఎవడికి తెలుస్తుంది?"

పెళ్ళయినన్నాళ్ళలో మొదటిసారి పేరిందేవి మొగుణ్ణి మెచ్చుకోలుగా చూసింది. బీరువా తెరిచి పట్టుచీరల మధ్యనుంచి డబ్బా తీసింది.

గాలి డబ్బాని సీలుతో సహా ఊడదీసి, పాత చీర పరిచిన కుర్చీలో దేవుణ్ణి దించినట్టు దించాడు వలీ. ఊరందరి ఇంజన్లకీ చిల్లులు పెట్టినవాడు, దీన్ని మాత్రం ఒక్కో మరా వరసగా పేర్చుకుంటూ విప్పాడు. పలక మీద తుప్పు ఇంకా పైపైనే ఉంది. రుద్ది, కొత్త రింగులు పెట్టి బిగించి, డబ్బాని ఎక్కడిదక్కడ పెట్టాడు. లక్కముద్ర చెక్కు చెదరలేదు. పేరిందేవి కూర్చుని, అలవాటు కొద్దీ తిట్టు నాలిక చివర పెట్టుకుని తాళం తిప్పింది. తిట్టు బయటికి రాకముందే బండి లేచింది. పొగ లేదు, దగ్గు లేదు, తేనెటీగల్లే సన్నటి చప్పుడు. ఆవిడ స్టీరింగు మీద తలపెట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఆపేయవే, ఆపేయ్! సందులో వాళ్ళు వింటారు" అని గాభరా పడ్డాడు కొండలరావు.

అప్పటినుంచీ దొంగతనం మొదలైంది. వారం వారం మండలి గుమాస్తా నీళ్ళు కొలవడానికి వస్తే, ఆవిడ కాఫీ ఇచ్చి కబుర్లలో పెట్టేది, కొండలరావు రేడియేటరు కిందున్న మర విప్పి ఒక గ్లాసుడు నీళ్ళు సీసాలోకి పట్టేసేవాడు. గుమాస్తా తృప్తిగా సంతకం పెట్టి వెళ్ళేవాడు. అలా నెట్టుకొస్తుండగా మంత్రిగారి పర్యటన వచ్చిపడింది. తొలి ఆర్ద్ర వాహనంలో మంత్రిగారు స్వయంగా ఊరేగుతారని, ఆ పథకాన్ని రాష్ట్రమంతటా అమలు చేస్తామని ప్రకటన.

"నీళ్ళంటే మాయ చేశాం. పొగ ఎక్కణ్ణుంచి తేవాలే?" అన్నాడు కొండలరావు.

సభ రోజున మండలి ఆఫీసు ముందు షామియానా కింద జనం కిటకిటలాడారు. విశ్వేశ్వరం గారు ఉపన్యసించారు. "సూర్యుడు సాగరజలమును గ్రహించి వర్షించునట్లు, ఈ వాహనము..." మంత్రిగారు పక్క సీట్లో కూర్చున్నారు. సత్తిబాబు ఈల వేశాడు, సహాయకులు తోశారు. నాలుగడుగులు తోయించుకుని, ఇక చాలనుకుని పేరిందేవి తాళం తిప్పింది. బండి హాయిగా లేచి నిలబడింది. కెమెరాలన్నీ పొగ గొట్టం వైపు తిరిగి ఉన్నాయి. గొట్టంలోంచి ఏమీ రాలేదు.

చప్పట్లకి లేచిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. విశ్వేశ్వరం గారు కిటికీ దగ్గరికొచ్చి వంగారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మొట్టమొదటిసారి ఆయన మామూలు మనిషిలా మాట్లాడారు.

"అమ్మా, ఆవిరేదమ్మా?"

"నాకేం తెల్సండీ? నీళ్ళు తాగి ఆవిరి వదలడం దీని గుణమని రాసింది తమరు కదా" అంది ఆవిడ.

ఆయన ఆవిడ కళ్ళలోకి చూశారు. బండి చప్పుడు విన్నారు. అర్థమైపోయింది. ఆ ఆవిరి లేకపోతే పోస్టులన్నీ, బహుమతీ, మండలీ, తనూ ఏమైపోతారో కూడా అర్థమైంది. చుట్టూ పిచ్చి చూపులు చూశారు. షామియానా వెనక వంటవాళ్ళు మంత్రిగారి ఫలహారానికి పెద్ద ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టారు. సంచాలకులు పంచె ఎగగట్టి పరిగెత్తారు. నలుగురి చేత పాత్ర మోయించుకొచ్చి, పొగ గొట్టానికి అడ్డంగా నిలబెట్టి, మూత తీయించారు.

తెల్లటి ఆవిరి గుప్పుమంది. జనం ఈలలేశారు. మంత్రిగారు ముక్కు ఎగబీల్చారు.

"ఏవయ్యా, ఇడ్లీ వాసనొత్తందేటి?"

ప్రణీత్ ఒక్క క్షణం కూడా తడబడలేదు. "అది సెకండ్ ఫేజ్ సర్. పులిసిన పిండితో నడిచే బయో ఫ్యూయల్. పైలట్ ప్రాజెక్ట్."

"బాగుందయ్యా! మినప్పప్పుకి కూడా గిరాకీ పెరుగుద్ది. రాష్ట్రమంతా పెట్టించండి!" అన్నారు మంత్రిగారు. పొగడ్తలతో, వెనకే మోసుకొస్తున్న ఇడ్లీ పాత్ర ఆవిరితో బండి గిడ్డంగి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. "ఎంత మెత్తగా నడుత్తందో" అని కూడా అన్నారాయన, దిగుతూ.

జనం ఫలహారాల మీద పడ్డాక విశ్వేశ్వరం గారు కారు పక్కన చేరి గొంతు తగ్గించారు. "బండి బాగుపడిందని పైకి పొక్కితే నేను లేనమ్మా."

"పొక్కకపోతే?"

"మీ బండి జోలికి ఎవడూ రాడు. నేను మాటిస్తున్నా. కానీ నలుగురి కళ్ళ ముందూ మాత్రం..." ఆయన మాట పూర్తి చెయ్యకుండా తోసే సైగ చేశారు.

పేరిందేవి తల ఊపింది. కొండలరావుని ఎక్కించుకుని అక్కణ్ణుంచి నేరుగా ఉప్పాడ రోడ్డెక్కింది. ఒక పక్క సముద్రం, ఎదురుగా ఖాళీ దారి. కాలు నొక్కిన కొద్దీ బండి పాతికేళ్ళ పిల్లలా ఉరికింది. కొండలరావు నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని, మూత తీసి, బండికి అక్కరలేదు గనక తనే తాగాడు. ఆవిడకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఎన్నాళ్ళకి ఇంత ఆనందం! ఇది ఎవరికీ చెప్పుకోడానికి లేదే అన్న దిగులు కూడా దాని పక్కనే ఉంది.

పొద్దువాలేవేళకి రామారావుపేట చేరారు. సందు మొదట్లో ఆవిడ తాళం వెనక్కి తిప్పి ఇంజను ఆపేసింది. అరుగుల మీదనుంచి జనం చూస్తున్నారు. కొండలరావు నిట్టూర్చి కిందికి దిగి, చొక్కా చేతులు మడిచి, "రండి బాబూ, తలో చెయ్యెయ్యండి" అని కేకేశాడు. పక్కింటివాళ్ళు వచ్చి వెనక చేరారు. పేరిందేవి స్టీరింగుని ఒకసారి మెత్తగా నిమిరింది. తరువాత గొంతు సవరించుకుని, సందంతా వినపడేలా అరిచింది.

"నీ జిమ్మడ, కదలవే గయ్యాళీ!"